జైనాబ్ బీ నేల ఖాళీ కాదు

(1946 మే 29 సాయంత్రం, ఆసుపత్రి వెనుక రాళ్ళ తోటలో జరిగిన సంతాప సభలో పంచాయతీ బోర్డు మేస్త్రీ మరియదాసు చేసిన ప్రసంగం)

అమ్మలారా, అయ్యలారా, అక్కచెల్లెళ్ళారా, అన్నదమ్ములారా!

రోహిణి కార్తె ఎండలో, నెత్తిన తువ్వాళ్ళు వేసుకుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని ఇంతమంది వచ్చారు. కూర్చోడానికి కుర్చీలు లేవు. నీడకు పందిరి లేదు. తాగడానికి రెండు కుండల నీళ్ళు మాత్రం ఉన్నాయి. బోర్డు హాలు ఇమ్మని అడిగాం. ఇవ్వలేదు. "నీళ్ళు పోసే ఆడమనిషికి సంతాప సభ ఏంటయ్యా, ఇట్లా వదిలేస్తే రేపు వీధులూడ్చేవాళ్ళకు కూడా పెట్టమంటారు" అని ప్రెసిడెంటు గారు సెలవిచ్చారు. పెట్టమంటాం. ఎందుకు పెట్టమనం? ఇరవై ఏళ్ళు ఈ ఊరి వీధులూడ్చిన మనిషి పోతే ఊరు ఒక్క గంట ఆగకూడదా?

హాలు ఇవ్వకపోవడమే మంచిదైంది. ఈ సభ జరగాల్సిన చోటు ఇదే. మీరు కూర్చున్న ప్రతి బండా ఆమె దొర్లించుకొచ్చి పరిచింది. నేను నిలబడ్డ ఈ బండ కూడా ఆమె పరిచిందే.

జైనాబ్ బీ పోయి నేటికి పదకొండు రోజులు. ఆమె కూతురు హమీదా అదిగో, ఆడవాళ్ళలో ముందు వరసలో కూర్చుని ఉంది. అమ్మా హమీదా, నీ దుఃఖం తీర్చే మాట నా దగ్గర లేదు. నీ తల్లికి నేను చేసిన అన్యాయం మాత్రం ఒకటుంది. అది నలుగురిలో ఒప్పుకోవడానికి వచ్చాను. ఒప్పుకుని ఊరుకోవడానికి మాత్రం రాలేదు.

ఇంకో మాట. వెనక, గోడ పక్కన బోర్డు బంట్రోతు కోటయ్య నిలబడి ఉన్నాడు. కోటయ్యా, దాక్కోకు. నిన్ను ఎవరు పంపారో, ఎందుకు పంపారో ఇక్కడ అందరికీ తెలుసు. నీ మీద మాకేం కోపం లేదు. నేను చెప్పేది బాగా విను. విన్నది విన్నట్టు ప్రెసిడెంటు గారికి చెప్పు. భయపడి ఒక్క మాట కూడా తగ్గించకు.

అయ్యలారా, పద్దెనిమిదేళ్ళ కిందట ఇక్కడ ఏముందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నాపరాయి తీసి వదిలేసిన గుంట. దాని పక్కన పనికిరాని ముక్కల గుట్ట. మేకలు కూడా ఎక్కేవి కావు. జైనాబ్ బీ పెనిమిటి ఆ గుంటలోనే రాళ్ళు కొట్టేవాడు. ఒకరోజు పై బండ జారి ఆయన మీద పడింది. ఆయన్ని ఈ ఆసుపత్రికే మోసుకొచ్చారు, ఇక్కడే పోయాడు. మూడు నెలలు తిరక్కుండానే ఆమె ఇదే ఆసుపత్రిలో నీళ్ళు మోసే పనిలో చేరింది. తన మనిషిని మింగిన రాళ్ళగుట్ట రోజూ కళ్ళ ముందే. ఇంకెవరైనా అయితే అటు మొహం తిప్పేవాళ్ళు కాదు. ఆమె ఆ గుట్టనే ఎంచుకుంది.

ఆ రోజుల్లో ఆసుపత్రి ముందు సీమ పూలు పెంచేవారు. మద్రాసు నుంచి పొట్లాల్లో గింజలు వచ్చేవి. కార్తీకంలో చల్లితే చలికాలంలో పూసేవి, ఉగాదికల్లా మాడి మసయ్యేవి. మళ్ళీ ఏడు మళ్ళీ పొట్లాలు. రెండేళ్ళు వాటికి నీళ్ళు పోసి, మూడో ఏడు డాక్టరు గారిని మొహం మీదే అడిగింది. "ఏటా చచ్చేదాన్ని ఏటా పెట్టటం ఏందండీ? ఒక్కసారి పెడితే మనకంటే ఎక్కువ కాలం ఉండేదాన్ని పెడితే పోలా?" డాక్టరు గారు నవ్వి, వెనక గుట్ట నీ ఇష్టం అన్నారట. నవ్వులాటకు అన్నారేమో. ఆమె నవ్వులాటగా తీసుకోలేదు.

మొక్క ఎక్కడైనా నచ్చితే పీక్కొచ్చే అలవాటు మనందరికీ ఉంది. ఆమెకు లేదు. కారంపూడి దారిలోనో, మాచర్ల అవతల అడవిలోనో, మా చర్చి ప్రహరీ పక్కనో ఒక మొక్క కంటపడితే, అది పూసి, కాయ పండేదాకా వారం వారం వెళ్ళి చూసుకునేది. పండాక గింజలు కొంగున ముడేసుకొచ్చేది. నేనొకసారి అడిగాను, ఇంత యాతన ఎందుకక్కా, గునపంతో పెళ్ళగిస్తే పోతుంది కదా అని. "పీక్కొస్తే అక్కడా ఉండదు, ఇక్కడా బతకదు. గింజ తెచ్చుకుంటే రెండు చోట్లా ఉంటది" అంది. ఇందులో మీకు తప్పేమైనా కనిపిస్తోందా? నాకు కనిపించలేదు. అయినా నేను నేర్చుకోలేదు.

చెరువు ఎండినప్పుడల్లా తట్టలతో ఒండ్రు తెచ్చి ఈ రాళ్ళ సందుల్లో కూరింది. ఎండ మాడ్చే రాళ్ళ మీద బిళ్ళగన్నేరు. దారి అంచుల వెంట మెట్టతామర, వాటి ముందు చంద్రకాంత. ఆ గోడ అవతలి కానుగ చెట్ల నీడన కనకాంబరం, దాని వెనక కంపకు పాకేట్టు అడవినాభి. ఏది ఎండ కోరుతుందో, ఏది నీడ కోరుతుందో, ఏది తడిస్తే కుళ్ళుతుందో ఆమెకు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. పెట్టి చూసింది, చచ్చింది చూసింది, మళ్ళీ పెట్టింది. మబ్బు పడితే మనం ఆరేసిన బట్టలు తీస్తాం. ఆమె పాతగుడ్డ సంచులు పట్టుకుని కనకాంబరం కంకుల దగ్గరికి పరిగెత్తేది. తడి తగిలితే ఆ కాయలు టప్పున పగిలి గింజలు ఎక్కడో పడతాయి. అవి చెదిరిపోకుండా కంకి కంకికీ సంచి కట్టేది. వానలో తడుస్తూ కట్టేది. ఈ దారిన పోయేవాళ్ళు పిచ్చిది అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఇప్పుడు నా మొదటి తప్పు చెబుతాను.

నేను బోర్డులో మేస్త్రీగా చేరిన రెండో ఏడు. జిల్లా నుంచి ఆసుపత్రి తనిఖీకి వస్తున్నారని తెలిసి చుట్టుపక్కల శుభ్రం చేయించే పని నాకు పడింది. వెనక గోడ కింద పన్నెండు పగిలిన కుండలు వరసగా ఉన్నాయి. వాటిలో జల్లించిన ఇసుక, కింద నీళ్ళ పళ్ళేలు. పై నుంచి పోస్తే గింజ కొట్టుకుపోతుందని ఆమె కింద నుంచే తడి పీల్చుకోనిచ్చేది. ఎనిమిది నెలలుగా ఆ కుండలను చూస్తున్నాను. ఒక్క ఆకు రాలేదు. ఇసుకకు నీళ్ళు పోసే మనిషిని ఎక్కడైనా చూశారా? నాకు విసుగొచ్చింది. ఆమె లేని పూట చూసి పన్నెండు కుండలూ ఎత్తించి చెత్తకుప్ప మీద కుమ్మరించాను.

సాయంత్రం వచ్చింది. చూసింది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిండి జల్లెడ పట్టుకుని ఆ చెత్తకుప్ప దగ్గర కూర్చుంది. బూడిద, పేడ, ఆసుపత్రి గుడ్డపీలికలు, అన్నిటిలోంచి ఇసుకను వేరు చేసి, ఇసుకలోంచి గింజల్ని వేరు చేసింది. మిరియమంత అడవినాభి గింజ. ఎర్రగా ఉంటుంది. రెండు రోజులు ఏరింది. నేను సిగ్గుపడి దగ్గరికి పోతే తలెత్తకుండా ఒక్క మాట అంది. "అది ఎనిమిది నెలలు ఓపిక పట్టింది. ఇంకో నెల నువ్వు పట్టలేకపోయావా?"

అట్లా ఏరితే దొరికిన గింజలు మృగశిర వానకు మొలిచాయి. ఒక్కో దానికి ఒక్కటే ఆకు, గడ్డిపోచంత. నాకు ప్రాణం లేచొచ్చింది. కార్తీకం వచ్చేసరికి ఆ ఆకు కూడా పసుపు పచ్చనై ఎండిపోయింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి, అక్కా, చచ్చిపోయాయి అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. "చావలేదబ్బాయ్, పడుకున్నాయి" అంది. అడుగున చిక్కుడు గింజంత దుంప ఉంటుందట. మరుసటి ఏడు రెండాకులు. ఆ పైఏడు మూరెడు తీగ. నాలుగో ఏడు పుబ్బ కార్తెలో, ఈ కంపకు పాకి పూసింది. పచ్చగా విచ్చుకుని, పసుపుకు తిరిగి, చివరికి ఎర్రగా పొయ్యిలో మంట లేచినట్టు పైకి లేచి నిలబడింది. నేను కుప్పలో పారబోసిన గింజ అది. ఆ రోజు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఆమెను మెత్తని మనిషి అనుకునేరు. కాదు. యుద్ధం మొదలయ్యే ముందు ఏడు ఒక పెద్ద దొర మన ఊరి మీదుగా మాచర్ల వెళ్తున్నాడని కబురొచ్చింది. తోరణాలన్నారు, దండలన్నారు. తోటలో పూలన్నీ కోసి పంపమని హుకుం. నేనే కబురు మోసుకొచ్చాను. ఆమె కొడవలి కింద పెట్టి, రెండు చేతులూ నడుముకు పెట్టుకుని గేటుకు అడ్డం నిలబడింది. "పువ్వు కోస్తే కాయ లేదు, కాయ లేకపోతే గింజ లేదు. ఈ పూలు నడవలేవు. దొరకి కాళ్ళున్నాయి గదా, ఆయన్నే వచ్చి చూసిపొమ్మను" అంది. నేను ఆ మాట మోసుకెళ్ళి, కాస్త మెత్తచేసి చెప్పాను. చివాట్లు తిన్నాను. బజార్లో మామిడాకులతో తోరణం కట్టారు. దొర కారు ఆపకుండా వెళ్ళిపోయాడు. ఆయన మెడలో పడాల్సిన నాభి పూలు ఆ ఏడు కాయలై, పగిలి, గింజలయ్యాయి. ఆ గింజల బిడ్డలే ఈ కంప కింద నేలలో ఉన్నవి.

నలభై మూడులో ఏమైందో మీకు గుర్తుంది. బియ్యం లేవు, బర్మా దారి మూసుకుపోయింది, ప్రతి సెంటు భూమిలోనూ తిండి పంట వేయాలని పై నుంచి ఉత్తర్వు. న్యాయమైన ఉత్తర్వే. నేను కాదనను. రెవెన్యూ నుంచి ఒకాయన వచ్చి ఈ తోట చూసి, పూలు పీకేసి పంట వేయమన్నాడు. కింద దుంపలున్నాయని ఎవరో చెబితే, అవి తినే జాతేనా అని ఆమెను అడిగాడు. "తినొచ్చండీ. ఒక్కసారి తింటే ఇంక ఎప్పటికీ ఆకలి కాదు. ముందు మీరు రుచి చూడండి" అంది. నాభి దుంప విషమని మన పల్నాట్లో పశువులు కాసే పిల్లలకు కూడా తెలుసు. ఆయనకు తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటే ఆయన ఎర్రబడ్డాడు.

నవ్వేసి ఊరుకున్న మనిషైతే నేను ఈ సంగతి చెప్పేవాణ్ణి కాదు. మరునాడు తెల్లారకముందే ఆసుపత్రి ముందున్న పచ్చికను గడ్డపారతో తిరగేసింది. దొరలకు ముచ్చటగా ఉంటుందని ఎవరో వేసిన పచ్చిక, రోజుకు ఇరవై కుండల నీళ్ళు తాగేది. "తిండికి చోటు కావాలంటే ఇది తియ్యండి. దీనికి ఎండాకాలం తెలీదు, వానాకాలం తెలీదు, తాగటమే తెలుసు" అంది. అక్కడ గోంగూర వేసింది, బీర వేసింది, సొర పాకించింది. రెండేళ్ళు ఈ ఆసుపత్రి రోగులు ఆమె పెంచిన కూర తిన్నారు. ఈ సభలో ఉన్న మహాలక్ష్మి జ్వరంతో నలభై రోజులు పడుకుని తిన్నది ఆ కూరే. అడగండి. పూల పిచ్చి పట్టినదానికి తిండి విలువ తెలియదని ఎవరైనా అంటే నా ముందు అనమనండి.

ఇక నా రెండో తప్పు. కోటయ్యా, ఇది మరీ బాగా విను.

మొన్న శివరాత్రి నాటికి ఆమె మంచం పట్టింది. తోటకు నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఆమె ప్రతి ఏడూ వేసంగి ముందు కొమ్మలన్నీ నేలమట్టానికి కోసి, మీద ఎండుటాకు కప్పేది. ఈసారి హమీదా చేత చేయించింది. ఏప్రిల్ రెండో వారంలో ప్రెసిడెంటు గారు నన్ను పిలిచి, మోటారు బస్సులు ఆగడానికి షెడ్డు కట్టాలి, ఆసుపత్రి వెనక స్థలం చూసి రిపోర్టు రాయమన్నారు. వచ్చాను. చూశాను. ఆకులు, రాళ్ళు. "ఏముందయ్యా అక్కడ, ఆకులేగా" అని ఆయన ముందే అని ఉన్నారు. నేను కాగితం తీసి రాశాను. ఆసుపత్రి వెనుక స్థలం ఖాళీ. ఎండుటాకులు, రాళ్ళు తప్ప మరేమీ లేవు. కింద నా సంతకం.

తెలియక రాశానా? పన్నెండేళ్ళ కిందట చెత్తకుప్ప దగ్గర నేర్చుకున్నవాణ్ణి. చచ్చింది వేరు, పడుకుంది వేరు అని నాకు తెలియదా? తెలుసు. తెలిసే రాశాను. కళ్ళకు కనిపించిందే రాశానని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగం, పిల్లలు, ప్రెసిడెంటు గారి కనుబొమలు, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. దాన్ని పొరపాటు అనకండి. దాని పేరు పిరికితనం.

వారానికి ఆమె కబురు పంపింది. వెళ్ళాను. మంచంలో ఎముకల గూడు. గోడ వైపు తిరిగి ఉన్నదల్లా ఇటు తిరిగింది. "ఏంది మరియదాసూ, ఖాళీ అని రాశావంట. తవ్వి చూశావా?" అంది. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "తవ్వకుండానే ఖాళీ అన్నావు. తవ్వితే నిజంగానే ఖాళీ అయిద్ది. ఒక్క వానకి ఆగమని చెప్పు వాళ్ళకి. నేను ఉన్నా లేకపోయినా, ఒక్క వానకి" అంది.

అయ్యలారా, ఆ మనిషి తన కోసం ఏం అడిగింది? మందు అడిగిందా? పెన్షను అడిగిందా? పద్దెనిమిదేళ్ళు నీళ్ళు మోసిన భుజాలకు ఒక కొత్త చీర అడిగిందా? ఒక్క వాన. అది మనం ఇచ్చేది కూడా కాదు. దానంతట అదే వచ్చేది. దానికి అడ్డం పడకుండా ఉండమని మాత్రమే అడిగింది.

మరునాడే రెండో రిపోర్టు రాశాను. ఆసుపత్రి వెనుక స్థలం ఖాళీ కాదు. నేల కింద బతికిన దుంపలు, వేళ్ళు, మొలవాల్సిన గింజలు ఉన్నాయి. మొదటి రిపోర్టు తప్పు. రాసినవాడిదే తప్పు. కింద సంతకం. ప్రెసిడెంటు గారు చదివి, వెనక్కి తీసుకో, లేకపోతే నీ ఉద్యోగం చూసుకో అన్నారు. తీసుకోలేదు. ఈ పొద్దున దాకా నేను బోర్డు మేస్త్రీనే. ఇప్పుడు ఉన్నానో లేదో కోటయ్యకే తెలియాలి. పీకేస్తారట. పీకనివ్వండి. మేస్త్రీ కుర్చీ ఖాళీ అయిందని బోర్డు రిజిస్టరులోనే రాసుకోమనండి. కనీసం ఆ మాటైనా నిజమవుతుంది.

నేను బస్సు షెడ్డుకు వ్యతిరేకిని కాను. బొగ్గుతో నడిచే బస్సు కోసం ఎండలో నిలబడి మనందరి తలకాయలూ వేడెక్కినవే. షెడ్డు కావాలి. రోడ్డుకు అటువైపు చూడండి, చదునైన బండ పరుచుకుని ఉంది. పునాదికి బండ కంటే గట్టిది ఏముంది? నేను మేస్త్రీని, నాకు తెలుసు. మరి ఇటే ఎందుకు కావాలి? ఈ ఊళ్ళో గడ్డపార సులువుగా దిగే నేల ఇదొక్కటే కాబట్టి. పదిహేనేళ్ళు తట్టలతో ఒండ్రు మోసి ఆమె మెత్తన చేసిన నేల కాబట్టి. చెక్కిన బండలు కూడా ఇక్కడే సిద్ధంగా ఉన్నాయి కాబట్టి. ఆమె కష్టాన్నే పునాదిగా వేసి, ఇక్కడ ఏమీ లేదని రాసుకోవడం. దీనికి మీరు పేరు పెట్టండి. నేను పెడితే ఆడవాళ్ళ ముందు బాగుండదు.

వచ్చే సోమవారం గడ్డపారలు వస్తున్నాయి. మృగశిర కార్తె ఆ తర్వాతి శనివారం. అయిదు రోజుల తేడా. ఎనిమిది నెలలు ఓపిక పట్టే గింజ ముందు, ఈ బోర్డుకు అయిదు రోజుల ఓపిక లేదు.

వీళ్ళు తవ్వితే తోట పోతుందా? కొంత పోతుంది. అబద్ధం చెప్పను. నాభి దుంపకు ఒకటే మొలక కన్ను ఉంటుంది, గడ్డపార దాని మీద పడితే అంతే. పోయినేడు వేసిన గింజలు ఇంకా మొలవనే లేదు, అవీ పోతాయి. కానీ మొత్తం పోదు. ఎందుకో చెబుతాను.

మూడో రోజు జియారత్‌కు వాళ్ళింటికి వెళ్ళాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ రోజు తెల్లదుప్పటి పరిచి, మధ్యలో చింతగింజలు కుప్ప పోస్తారు. చుట్టూ కూర్చుని, కల్మా చదివినప్పుడల్లా ఒక గింజ పక్కన పెడతారు. గింజలన్నీ అయిపోయేదాకా చదువుతారు. మసీదు నుంచి చింతగింజల సంచి వచ్చింది. హమీదా దాన్ని పక్కన పెట్టి, లోపలికెళ్ళి ఒక మట్టికుండ తెచ్చి దుప్పటి మీద బోర్లించింది. గుండ్రంగా, నల్లగా, నిగనిగలాడుతూ మెట్టతామర గింజలు. పదిహేనేళ్ళుగా దాచిన గింజలు. "మా అమ్మ ఇవే పెట్టమంది. చదివినాక ఎవరి గుప్పెడు వాళ్ళకి ఇచ్చెయ్యమంది" అని చెప్పింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత చదవడం మొదలుపెట్టారు.

నేను అరుగు మీద కూర్చున్నాను. నాకు ఆ చదువు రాదు. నా ప్రార్థన నేను చేసుకున్నాను. లేచి వచ్చేటప్పుడు హమీదా నా చేతిలో కూడా గుప్పెడు పోసింది. ఆమె తల్లి భూమిని ఖాళీ అని రాసిన చెయ్యి ఇది. ఈ చేతిలోనే పోసింది.

ఆ గింజ సంగతి తెలుసా మీకు? ఇనపగుండులా ఉంటుంది. నీళ్ళలో వేసినా నానదు, మట్టిలో పెట్టినా లేవదు. ఏళ్ళ తరబడి అట్లాగే కూర్చుంటుంది. నాపరాయి మీద ఒక పక్క రుద్దాలి. ఎంత రుద్దాలక్కా అని ఒకప్పుడు అడిగాను. "తెల్లచుక్క కనపడేదాకా. కనపడంగానే ఆపు. ఆపలేకపోతే రుద్దటం మొదలెట్టబాక" అంది. తెల్లచుక్క కనపడ్డాక రాత్రంతా నానబెడితే వారంలో మొలక. ఆ గింజలు ఇప్పుడు ఈ ఊళ్ళో నలభై ఇళ్ళల్లో ఉన్నాయి. సాయిబుల పేటలో ఉన్నాయి, మా పేటలో ఉన్నాయి, బజారు అంగళ్ళ వెనక ఉన్నాయి. నాపరాయి మనకు కరువా? రుద్దండి. నానబెట్టండి. మీ గుమ్మం పక్కన, మీ గోడ వెంట, బోర్డు ఆఫీసు మెట్ల పక్కన కూడా పెట్టండి. నలభై పెరళ్ళు ఖాళీ అని రాయడానికి ఎంత పెద్ద రిజిస్టరు కావాలో చూద్దాం.

ఆమె పేరు మీద పటం కట్టించమని నేను అడగను. రాయి మీద పేరు చెక్కించమనీ అడగను. ఆమెకు రాళ్ళు కొత్త కాదు. ఆమె అడిగిందే నేనూ అడుగుతున్నాను. ఒక్క వాన. ప్రెసిడెంటు గారూ, ఈ మాట మీకు చేరుతుందని నాకు తెలుసు. వాన పడిన పది రోజులకు మీరే వచ్చి చూడండి. ఈ నేల ఖాళీగా కనిపిస్తే నా చేతులతో నేనే మొదటి గడ్డపార వేస్తాను. ఇది బోర్డు మేస్త్రీ మాట కాదు, మరియదాసు మాట.

అప్పటిదాకా మాత్రం కుదరదు. సోమవారం పొద్దున నేను వచ్చి ఈ బండ మీద కూర్చుంటాను. రాగలిగినవాళ్ళు రండి. గడ్డపార పట్టుకొచ్చే కూలీలు మనవాళ్ళే, వాళ్ళను ఒక్క మాట అనొద్దు, వాళ్ళకు మజ్జిగ ఇవ్వండి. తిట్టొద్దు, తోయొద్దు. బండ బండకూ ఒక మనిషి కూర్చుంటే చాలు. మనుషులు కూర్చున్న చోటును ఖాళీ అని ఎట్లా రాస్తారో నేనూ చూస్తాను. రాయడం నాకు తెలిసినంతగా వాళ్ళకు తెలియదు.

అమ్మలారా, అయ్యలారా, ఇక లేద్దాం. జైనాబ్ బీ కోసం రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. మామూలుగా తల వంచుకుని నిలబడతారు. మనమూ వంచుదాం. వంచి, కాళ్ళ కింద నేలను చూద్దాం. అక్కడ ఏముందో ఇప్పుడు మీకు తెలుసు.

ఒక్కటే మనవి. అందరూ బండల మీదే నిలబడండి. మట్టిలో ఎవరూ కాలు పెట్టొద్దు. చోటు చాలకపోతే ఒక్కో బండ మీద ఇద్దరు, ముగ్గురు సర్దుకోండి. పక్కనున్నది ఏ పేట మనిషి అని చూడకండి. భుజం పట్టుకోండి, పడిపోకుండా ఉంటారు. హమీదా, నువ్వు మీ అమ్మ చివరిసారి పరిచిన ఆ బండ మీద నిలబడమ్మా.

కోటయ్యా, నువ్వు మట్టిలో నిలబడి ఉన్నావు. అక్కడ పోయినేడు కార్తీకంలో ఆమె నాభి గింజలు వేసింది. ఇంకా మొలవలేదు. మెల్లగా కాలు తియ్యి. ఇటు రా, నా బండ మీదకు. నీకూ చోటుంది.